ఆర్మీ ఆఫీసరుగా పదేళ్లు చేస్తే అది హెచ్‌ఆర్ అనుభవం కింద లెక్కకొస్తుందా?

ఎంబీఏ_అనంతపురం:

అందరికీ నమస్కారం. అనంతపురంలో ఎంబీఏ హెచ్‌ఆర్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. అమ్మాయిని, వయసు 22, పెళ్లి కాలేదు. బీకాంలో 62 శాతం. ఎన్‌సీసీ ‘సి’ సర్టిఫికెట్ బి గ్రేడుతో ఉంది. షార్ట్ సర్వీస్ కమిషన్‌లో (పదేళ్ల సర్వీసు, ఇంకో నాలుగేళ్లు పొడిగించుకోవచ్చు) ఆఫీసరుగా చేరి, పదేళ్ల తర్వాత బయటికొచ్చి హెచ్‌ఆర్‌లో స్థిరపడాలని ఉంది.

సైన్యంలో హెచ్‌ఆర్‌కు విడిగా బ్రాంచి ఉందా? ఏ దారిన పోతే ఆ పనికి దగ్గరగా ఉంటుంది? తిరిగొచ్చాక పెనుకొండ దగ్గర కియా చుట్టూ ఉన్న విడిభాగాల కంపెనీల్లోనో, తాడిపత్రి, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల్లోనో హెచ్‌ఆర్ మేనేజరుగా తీసుకుంటారా? మాజీ ఆఫీసర్లకు సెక్యూరిటీ, అడ్మిన్ పనులే ఇస్తారని ఇక్కడ చాలామంది అంటున్నారు. ఎంబీఏ మధ్యలో ఎంపికైతే చదువు ఆపేసి పోవచ్చా? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

మాజీ_అడ్జుటెంట్_కర్నూలు:

చూడమ్మా, ‘హెచ్‌ఆర్’ అని పేరు పెట్టి ఆఫీసర్లను తీసుకునే బ్రాంచి మూడు దళాల్లోనూ లేదు. ఆ పని మాత్రం కావలసినంత ఉంది. ఆర్మీలో జవాన్ల భర్తీ, క్రమశిక్షణ, సంక్షేమం అడ్జుటెంట్ జనరల్ బ్రాంచి చూస్తుంది. ఆఫీసర్ల పోస్టింగులు, ప్రమోషన్లు, వార్షిక రహస్య నివేదికలు మిలిటరీ సెక్రటరీ బ్రాంచి చేతిలో ఉంటాయి. అవి ఢిల్లీ హెడ్‌క్వార్టర్స్ కొలువులు. కొత్తగా వచ్చిన లెఫ్టినెంటును అక్కడ కూర్చోబెట్టరు. చెన్నై ఓటీఏలో (ఆఫీసర్ల శిక్షణ అకాడమీ) 49 వారాల శిక్షణ ముగిసేటప్పుడు ఏఎస్‌సీ (సరఫరా, రవాణా), ఆర్డ్‌నెన్స్ (ఆయుధ సామగ్రి), సిగ్నల్స్, ఇంజినీర్స్, ఈఎంఈ (యంత్రాల మరమ్మతు) లాంటి కోర్‌లలో ఒకటి కేటాయిస్తారు. నీ ఎంబీఏ స్పెషలైజేషన్ చూసి ఇచ్చేది కాదది. కాబట్టి ఏ కోర్ వస్తుందా అని దిగులుపడకు. ఏ కోర్‌లో ఉన్నా హెచ్‌ఆర్ పని నీ దగ్గరికి అపాయింట్‌మెంటుతో వస్తుంది.

అందులో మొదటిది కంపెనీ స్థాయి బాధ్యత. ఒక కంపెనీలో సుమారు 120 మంది ఉంటారనుకో. జవానుకు ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవు, 30 రోజుల క్యాజువల్ లీవు. 120 మందికి 90 రోజుల చొప్పున 10,800 రోజులు. 365తో భాగిస్తే రోజుకు దాదాపు 30 మంది, అంటే నాలుగో వంతు ఎప్పుడూ సెలవులోనే. దీని మీద కోర్సులకు పోయినవాళ్లు, ఆసుపత్రిలో ఉన్నవాళ్లు, టెంపరరీ డ్యూటీ మీద పోయినవాళ్లు. దీపావళికి సగంమంది, పంట కోతలకు మిగతా సగం అడుగుతారు. జనవరిలోనే ఏడాది మొత్తానికి లీవు చార్టు వేసి, ఎవరికి పోయినేడు పండగ సెలవు దొరకలేదో గుర్తుపెట్టుకుని, డ్యూటీకి కావలసిన కనీస సంఖ్య తగ్గకుండా చూడాలి. కంపెనీల్లో వర్క్‌ఫోర్స్ ప్లానింగ్ అని చెప్పేది అచ్చంగా ఇదే. ఆ చార్టును సీనియర్ జేసీఓ (సుబేదారు స్థాయి అధికారి) చేతికి వదిలేసి సంతకం పెట్టే ఆఫీసరుకు పదేళ్ల తర్వాత ఇంటర్వ్యూలో చెప్పడానికేమీ ఉండదు.

రెండోది, నా లెక్కన అన్నిటికన్నా విలువైనది, యూనిట్ అడ్జుటెంట్ (కమాండింగ్ ఆఫీసరు కింద యూనిట్ పరిపాలన చూసే ఆఫీసరు) పదవి. పార్ట్ టూ ఆర్డర్లు ఆ ఆఫీసు నుంచే వెళ్తాయి. జవాను పెళ్లి, పిల్లల పుట్టుక, నామినీ మార్పు, సెలవు, ప్రమోషన్, శిక్ష, ప్రతిదీ పార్ట్ టూలో అచ్చయితేనే రికార్డు ఆఫీసులో నమోదవుతుంది, జీతం ఆఫీసు దాన్ని పట్టుకుంటుంది. సమస్య ఎక్కడొస్తుందంటే, జవాను తన ఊళ్లో తీసుకున్న బర్త్ సర్టిఫికెట్లో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు, పార్ట్ టూలో మూడో రకం. ఆ రోజు ఎవరూ పట్టించుకోరు. ఇరవై ఏళ్ల తర్వాత కుటుంబ పెన్షన్ దగ్గర కాగితం ఆగిపోతుంది. అప్పటికి యూనిట్ మారి ఉంటుంది, మనిషే ఉండకపోవచ్చు. అందుకే ఆర్డరు వేసే ముందు అసలు సర్టిఫికెట్ ముందు పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడాలి. గుమస్తా టైపు చేసినదాన్ని అలాగే సంతకం పెట్టి పంపే అలవాటు ఎన్నో కుటుంబాలను ఏళ్లకేళ్లు తిప్పుతోంది.

మూడోది కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ, అంటే సైన్యం లోపల జరిగే విచారణ. నిన్ను సభ్యురాలిగా వేసినప్పుడు ఆర్మీ రూల్ 180 గట్టిగా చదువుకో. ఎవరి ప్రవర్తనకు లేదా పేరుకు విచారణలో మచ్చ వచ్చేలా ఉందో, ఆ మనిషి మొత్తం విచారణలో కూర్చోవాలి, సాక్షులను ప్రశ్నించాలి, తన సాక్షులను తేవాలి. ఆ అవకాశం ఇవ్వకుండా ముగించిన విచారణ తర్వాత చట్టం ముందు నిలబడదు. మనిషి చెప్పేది వినకుండా శిక్షించకూడదనే ఈ సూత్రం బయట ఫ్యాక్టరీకి వచ్చినా మారదు.

ఇక ఎయిర్‌ఫోర్సు. పేరుకు దగ్గరగా ఉన్నది అక్కడి అడ్మినిస్ట్రేషన్ బ్రాంచి. ఏదైనా డిగ్రీలో 60 శాతం ఉంటే సరిపోతుంది, నీకు 62 ఉంది. ఒక్క జాగ్రత్త. అడ్మినిస్ట్రేషన్‌లో చేరినవాళ్లలో చాలామందిని ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌కో, ఫైటర్ కంట్రోలింగ్‌కో పంపుతారు. ఆఫీసు, మనుషులు, ఫైళ్లు మాత్రమే అనుకుని పోవద్దు.

సిమెంట్_ఐఆర్_ఎర్రగుంట్ల:

పైన సార్ చెప్పిందంతా నిజం. నేను కంపెనీ వైపు నుంచి చెప్తాను, ఎందుకంటే మన ప్రాంతంలో మాజీ ఆఫీసర్లు సెక్యూరిటీ, అడ్మిన్‌లోనే ఆగిపోవడానికి గట్టి కారణాలున్నాయి.

పెద్ద లోటు యూనియన్. సైన్యంలో ట్రేడ్ యూనియన్ ఉండదు. రాజ్యాంగం 33వ అధికరణం, ఆర్మీ చట్టం 21వ సెక్షన్ దాన్ని ఆపేశాయి. పదేళ్లు ఆ వ్యవస్థలో ఉన్న మనిషికి వేతన ఒప్పందం మీద నాయకులతో రాత్రి పన్నెండు దాకా బేరం కుదుర్చుకోవడం ఎలాగో తెలిసే అవకాశమే లేదు. ఇక్కడ సిమెంటు ప్లాంట్లలో ప్లాంటు హెచ్‌ఆర్ పనిలో సగం అదే. ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్ ప్రకారం రిజిస్టర్లో ఉన్న కార్మికుల్లో 51 శాతం మద్దతున్న యూనియన్‌కు ఏకైక చర్చల హక్కు. 20 మంది, ఆపైన ఉంటే ఫిర్యాదుల కమిటీ ఉండాలి. 100 మంది, ఆపైన ఉంటే ప్రభుత్వం వర్క్స్ కమిటీ (యాజమాన్యం, కార్మికుల ప్రతినిధులు కలిసి ఉండేది) అడగవచ్చు. 300 మంది, ఆపైన ఉంటే స్టాండింగ్ ఆర్డర్లు (ఫ్యాక్టరీ ఉద్యోగ నియమాలు), లేఆఫ్‌కు, మూసివేతకు ప్రభుత్వ ముందస్తు అనుమతి. ఈ అంకెలు నోటికి రావాలి. నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి కాబట్టి పాత పుస్తకాలు చదివి ఇంటర్వ్యూకి పోతే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

రెండోది జీతాల లెక్క. ఆర్మీలో పే స్కేలు పైనుంచి వస్తుంది, ఆఫీసరు దాన్ని కట్టడు. ఇక్కడ కట్టాలి. ఒక ఉదాహరణ తీసుకోమ్మా. ఒకరికి నెలకు 40,000. అందులో బేసిక్, డీఏ కలిపి 16,000. మిగతా 24,000 ఇంటద్దె అలవెన్సు, కన్వేయన్సు లాంటి మినహాయింపు అంశాలు. కొత్త కోడ్‌లోని వేతన నిర్వచనంలో మినహాయింపులు మొత్తంలో సగం దాటకూడదు. సగం 20,000. దాటిన 4,000 తిరిగి వేతనంలో కలుస్తుంది. అంటే లెక్కకు వేతనం 20,000. గ్రాట్యుటీ సూత్రం 15/26 ఇంటూ వేతనం ఇంటూ సర్వీసు ఏళ్లు. పదేళ్లకు 20,000 మీద 1,15,385 రూపాయలు. పాత పద్ధతిలో 16,000 మీద అయితే 92,308. ఒక్క మనిషికి 23,000 పైన తేడా. వెయ్యి మంది ఉన్న ప్లాంటులో ఈ లెక్క తప్పితే బ్యాలెన్సు షీటు మీదే పడుతుంది. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించగలిగిన ఆఫీసరును ఏ ప్లాంటు హెడ్డూ సెక్యూరిటీ గేటు దగ్గరికి పంపడు.

పీఎఫ్ 12 శాతం, ఈఎస్‌ఐ ఉద్యోగి 0.75, యజమాని 3.25 శాతం, 21,000 వేతన పరిమితి. ఇవి సులువు, రెండు రోజుల్లో వస్తాయి. కష్టమైనది రికార్డు శుభ్రత. పార్ట్ టూ ఆర్డర్ల గురించి సార్ చెప్పారు కదా, ఇక్కడ యూఏఎన్‌లో (పీఎఫ్ నంబరు) పేరుకూ ఆధార్‌లో పేరుకూ తేడా ఉంటే పీఎఫ్ క్లెయిమ్ అలాగే ఆగుతుంది. రెండూ ఒకే రోగం, ఒకే మందు. అడ్జుటెంట్‌గా చేసినవాళ్లు ఈ మాట ఇంటర్వ్యూలో ఎందుకు చెప్పరో నాకర్థం కాదు.

క్రమశిక్షణ దగ్గర మాజీ ఆఫీసర్లు బోల్తా పడే చోటు ఇంకొకటి. ఉదయం తప్పు, సాయంత్రానికి శిక్ష అనే వేగం ఇక్కడ పనికిరాదు. చార్జ్‌షీట్ ఇవ్వాలి, జవాబుకు గడువు ఇవ్వాలి, విచారణాధికారి వేరు, కంపెనీ తరఫున వాదించేవాడు వేరుగా ఉండాలి, కార్మికుడు సహోద్యోగిని తోడు తెచ్చుకోవచ్చు, సాక్షులను ప్రశ్నించవచ్చు, నివేదిక కాపీ ఇచ్చి అతని మాట విన్నాకే శిక్ష. సస్పెండ్ చేస్తే మొదటి 90 రోజులు సగం వేతనం, ఆలస్యానికి అతను కారణం కాకపోతే ఆ తర్వాత 75 శాతం. చార్జ్‌షీట్ రాసిన మేనేజరే విచారణాధికారిగా కూర్చుంటే లేబర్ కోర్టులో కేసు మొదటి వాయిదాలోనే బలహీనపడుతుంది.

ఇంకొకటి. వెల్ఫేర్ ఆఫీసర్ పోస్టు హెచ్‌ఆర్‌లోకి మంచి తలుపు. పాత ఫ్యాక్టరీల చట్టంలో 500 మంది కార్మికులకు ఒకటి తప్పనిసరి, కొత్త కోడ్‌లో ఆ సంఖ్య 250. కానీ ఆ పోస్టుకు ఏ డిగ్రీ చెల్లుతుందో రాష్ట్ర నియమాలు చెప్తాయి. ఏదో ఒక హెచ్‌ఆర్ డిప్లొమా చాలనుకుని ఫీజు కట్టకండి. ముందు ఆ జాబితా చూసి తర్వాత కోర్సు ఎంచుకోండి.

కడప_క్యాడెట్_అక్క:

ఎంట్రీల గురించి మాత్రం చెప్తాను చెల్లీ, మిగతాది పెద్దవాళ్లు చెప్పారు.

నీకు మొదటి దారి ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ. ‘సి’లో బి గ్రేడు, డిగ్రీలో 50 శాతం, వయసు 19 నుంచి 25. రాతపరీక్ష లేదు, షార్ట్‌లిస్టు అయితే నేరుగా ఎస్‌ఎస్‌బీ (ఆఫీసర్లను ఎంపిక చేసే సెలక్షన్ బోర్డు). రెండోది యూపీఎస్‌సీ పెట్టే సీడీఎస్ పరీక్షలో ఓటీఏ. ఇంగ్లిషు, జనరల్ నాలెడ్జి రెండే పేపర్లు, ఒక్కోటి వంద మార్కులు, లెక్కల పేపరు లేదు. మూడోది ఎయిర్‌ఫోర్సు పెట్టే ఏఎఫ్‌క్యాట్ పరీక్ష. 100 ప్రశ్నలు, 300 మార్కులు, ఒప్పుకు మూడు, తప్పుకు ఒకటి పోతుంది. గ్రౌండ్ డ్యూటీకి వయసు 20 నుంచి 26. ఎయిర్‌ఫోర్సు ఎన్‌సీసీ ఎంట్రీ ఫ్లయింగ్ బ్రాంచికే, అడ్మినిస్ట్రేషన్ కావాలంటే పరీక్ష రాయాల్సిందే. ఎంబీఏ ఫస్టు క్లాసుతో పూర్తయితే నేవీ లాజిస్టిక్స్ కూడా తెరుచుకుంటుంది. అన్నిటిలోనూ వయసు కోర్సు మొదలయ్యే నెల మీద లెక్క, దరఖాస్తు తేదీ మీద కాదు. ప్రతి నోటిఫికేషన్లో పుట్టిన తేదీల పరిధి రాసి ఉంటుంది, అదే చూడు.

ఎంబీఏ పిల్లలు ఎస్‌ఎస్‌బీలో తప్పేది ఒకచోట. క్యాంపస్ ఇంటర్వ్యూకి బట్టీపట్టిన వాక్యాలు అక్కడ వాడతారు. సైకాలజిస్టు, గ్రౌండ్‌లో పరీక్షలు పెట్టే జీటీఓ, ఇంటర్వ్యూ ఆఫీసరు ముగ్గురూ విడివిడిగా చూసి చివరి రోజు కాన్ఫరెన్సులో పోల్చుకుంటారు. 15 సెకన్లకో మాట చొప్పున 60 మాటలకు వాక్యాలు రాసేటప్పుడు, అరగంటలో 60 సందర్భాలకు స్పందన రాసేటప్పుడు బట్టీ మాటలు అయిపోతాయి, అసలు మనిషి బయటపడుతుంది. గ్రౌండ్‌లో నువ్వు చేసినది దానికి పొంతన లేకుంటే అక్కడే ఆగిపోతావు. కోచింగ్‌కు డబ్బు పెట్టేకన్నా రోజూ పరుగు మొదలుపెట్టు. ఓటీఏకి వచ్చేటప్పటికి అమ్మాయిలు 2.4 కిలోమీటర్లు 13 నిమిషాల్లో పరుగెత్తగలగాలని చెప్తారు. మన అనంతపురం ఎండలో తెల్లవారుజామున ఐదింటికి తప్ప కుదరదు.

మెడికల్‌లో తాత్కాలికంగా రిజెక్టు చేస్తే భయపడొద్దు. బరువు, చెవిలో గుబిలి, ముక్కులో వంకర ఎముక, ఇలాంటివి సరిచేసుకుని 42 రోజుల్లోపు అప్పీల్ మెడికల్ బోర్డు ముందుకు పోవాలి. ఆ గడువు దాటితే ఆ కోర్సుకు అంతే. ఎస్‌ఎస్‌బీకి పోకముందే ఒకసారి ఈఎన్‌టీ డాక్టరుకు, పళ్ల డాక్టరుకు చూపించుకుంటే సగం తలనొప్పి తప్పుతుంది.

ఎంబీఏ_అనంతపురం:

సార్, అన్నా, అక్కా, చాలా థాంక్స్. ఇంకో రెండు అడగాలి. పదేళ్లకు బయటికి రావాలా, 14 దాకా ఉండాలా? సర్వీసులో ఉంటూ చదువుకోవాలంటే ఏ కోర్సు మంచిది?

సిమెంట్_ఐఆర్_ఎర్రగుంట్ల:

పదేళ్లకే రామ్మా. 24కి చేరితే 34కి బయట. మేనేజరు స్థాయిలో కూర్చోబెట్టడానికి కంపెనీకి అది సరైన వయసు. 38కి వస్తే నీ ఎదురుగా పద్నాలుగేళ్లు ప్లాంటు హెచ్‌ఆర్ మాత్రమే చేసినవాళ్లు పోటీకి ఉంటారు, జీతం దగ్గర ఇద్దరికీ ఇబ్బంది. ఎలాగూ 20 ఏళ్లు నిండకుండా పెన్షన్ రాదు, నాలుగేళ్లు పొడిగించినా ఆ లెక్క మారదు.

మాజీ_అడ్జుటెంట్_కర్నూలు:

ఇక్కడ నా అభిప్రాయం కొంచెం వేరు. ఆరేళ్లకు మేజరు అవుతావు. బ్రిగేడ్, డివిజన్ హెడ్‌క్వార్టర్స్‌లో ‘ఏ’ బ్రాంచి (సిబ్బంది వ్యవహారాలు) స్టాఫ్ పని వచ్చేది సాధారణంగా ఆ తర్వాతే. అప్పుడు నువ్వు చూసేది వేలమంది పోస్టింగులు, క్రమశిక్షణ కేసులు, సంక్షేమ నిధులు. ఆ కుర్చీ పదేళ్ల లోపల దొరికితే వచ్చెయ్. పన్నెండో ఏట దొరికేలా ఉంటే ఆగు. ఏళ్లు లెక్కపెట్టుకోకు, చేతికొచ్చిన పని చూసుకో. పర్మనెంట్ కమిషన్‌కు (రిటైర్మెంటు దాకా సర్వీసు) కూడా అవకాశం ఉంటుంది. 2020 ఫిబ్రవరి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత మహిళలకు ఆ దారి స్థిరపడింది. దానికి నీ రహస్య నివేదికలే ఆధారం, తొమ్మిది పాయింట్ల స్కేలులో ముగ్గురు అధికారులు ఇచ్చే గ్రేడింగ్. మొదటి ఏడాది నుంచే అవి లెక్కలోకి వస్తాయి.

చదువు సంగతి. సర్వీసులో ఉండగా దూరవిద్యలో ఎల్‌ఎల్‌బీ చేద్దామని చాలామంది మోసపోతారు. బార్ కౌన్సిల్ దూరవిద్య లా డిగ్రీని గుర్తించదు. మద్రాసు యూనివర్సిటీ ఓటీఏ శిక్షణకు ఇచ్చే డిఫెన్స్ మేనేజ్‌మెంట్ పీజీ డిప్లొమాను కంపెనీలు హెచ్‌ఆర్ అర్హతగా చూడవు. కాబట్టి ఎంబీఏ ముందే ముగించుకోవడం నీకు చాలా లాభం. వయసు 22, ఎన్‌సీసీ ఎంట్రీకి, సీడీఎస్‌కి 25 దాకా ఉంది. రెండో సంవత్సరంలో దరఖాస్తులు వేస్తూ పో, కోర్సు ముగిశాక చేరేలా చూసుకో. మధ్యలో ఆపితే పదేళ్ల తర్వాత ఆ సగం డిగ్రీని పూర్తి చేయడం దాదాపు కుదరని పని.

సర్వీసు నుంచి విడుదలకు రెండేళ్ల ముందు నుంచే డైరెక్టరేట్ జనరల్ రీసెటిల్‌మెంట్ కోర్సుల షెడ్యూలు చూస్తుండాలి. ఐఐఎంలలో ఆరు నెలల మేనేజ్‌మెంట్ కోర్సులు ఉంటాయి. ఫీజులో 60 శాతం ప్రభుత్వం కడుతుంది, 40 శాతం మనం. సీట్లు తక్కువ, దరఖాస్తు యూనిట్ ద్వారా పోవాలి. అక్కడ ఉన్న ఆరు నెలల్లో హెచ్‌ఆర్ అనలిటిక్స్, కాంపెన్సేషన్, లేబర్ లా తీసుకో. లీడర్‌షిప్ క్లాసులు నీకు అక్కర్లేదు, అది పదేళ్లు చేసే ఉంటావు.

బయోడేటా రాసేటప్పుడు మోహరించిన చోటు, ఆపరేషన్లు, పరికరాల వివరాలు ఎక్కడా రాయకూడదు. అఫీషియల్ సీక్రెట్స్ చట్టం విడుదల తర్వాత కూడా వర్తిస్తుంది. ‘కంపెనీ కమాండర్’ అని రాస్తే హెచ్‌ఆర్ హెడ్డుకు ఏమీ తెలియదు. ఎంతమందికి సెలవు, శిక్షణ, పనితీరు నివేదికలు చూశావో, ఎన్ని విచారణల్లో సభ్యురాలివో, రికార్డుల్లో ఎన్ని తప్పులు సరిదిద్దించావో అంకెలతో రాయి. ఆ అంకెలు పదేళ్ల తర్వాత గుర్తుండవు. ప్రతి పోస్టింగు ముగిసే వారంలో, గోప్యం కానివి మాత్రమే, ఒక సొంత నోటుబుక్కులో రాసి పెట్టుకో.

సిమెంట్_ఐఆర్_ఎర్రగుంట్ల:

14 ఏళ్ల విషయంలో సార్‌తో నేను ఒప్పుకోను కానీ నోటుబుక్కు మాట బంగారం. ఇంకొక్కటి చేర్చాలి. ఈ వేసవి ప్రాజెక్టును బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీలో ‘ఉద్యోగుల సంతృప్తి’ సర్వేతో ముగించొద్దమ్మా. తాడిపత్రిలోనో, ఎర్రగుంట్లలోనో, కొప్పర్తిలోనో, పెనుకొండ విడిభాగాల యూనిట్లోనో టైమ్ ఆఫీసులో కూర్చో. హాజరు రిజిస్టరు, ఓవర్‌టైమ్ లెక్క, కాంట్రాక్టు కార్మికుల వేతన పత్రాలు చూడు. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమాని చెల్లించాల్సిన పరిస్థితి ఎలా వస్తుందో ఆ పత్రాల్లోనే కనిపిస్తుంది. ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూలో ఎంబీఏ గురించి అడిగినప్పుడు కూడా చెప్పడానికి నిజమైన పని ఉంటుంది.